వెనక్కి పోయిన గడ్డిపోచ

పాలేటికండ్రిగ,
ఫిబ్రవరి 9, 2025

నా బంగారు తల్లి రేవతికి,

మీ నాయన చెంగయ్య సంతోషం పట్టలేక రాస్తున్న ఉత్తరం. ఫోన్ చేయొచ్చు కదా అంటుంది మీ అమ్మ. ఫోనులో నువ్వు చెప్పేది నాకు సగం వినపడదు, మిగతా సగం ఆమె నా చెవి దగ్గర అరిచి చెప్పేసరికి దాంట్లో ఉండే తీపంతా పోతుంది. ఉత్తరమైతే పదిసార్లు చదువుకోవచ్చు. ఐదో తరగతి చదువు, అక్షరాలు వంకరగా ఉంటే నువ్వే సర్దుకో తల్లీ.

నిన్న పొద్దున టీ అంగట్లో కూర్చుని ఉంటే వెంకటరమణ పేపరు జిల్లా పేజీ విప్పి, ‘అన్నా, ఈ పాప మన రేవతి మాదిరి ఉండాదే’ అన్నాడు. నేను ఆ కాగితం లాక్కుని చూసినాను. మాదిరి ఏమిటి, నువ్వే. తెల్లకోటు వేసుకుని, ఏదో గొట్టాల మిషను పక్కన నిలబడి, నవ్వీనవ్వనట్టు. పైన ఇంత అక్షరాలతో ‘కరెంటు కూడా నీళ్లలా సుడి తిరుగుతుంది’ అని వేసినారు. అంగట్లో అందరికీ నా చేతి టీ. రెండోసారి కూడా నేనే ఇప్పించినాను. తాగినవాళ్లే మళ్లీ తాగినారు.

నేను వాళ్లకు నువ్వు నాకు చెప్పినట్టే చెప్పినాను. పెన్సిల్ ముల్లులో ఉండే నల్ల పదార్థాన్ని అతుక్కునే టేపుతో ఒలిచి ఒలిచి, ఇంక ఒలిచేదానికి వీల్లేనంత పలచటి పొర చేస్తారని, దాని పేరు గ్రాఫీన్ అని, దాంట్లో ఎలక్ట్రాన్లు ఎవరి దారిన వాళ్లు పోకుండా ఒకదాన్నొకటి తోసుకుంటూ గుంపుగా, కాలవ నీళ్ల మాదిరి పారతాయని. ఆ గుంపు మూల తిరిగేచోట సుడి లేస్తుందని. సుడిలో కరెంటు వెనక్కి నడుస్తుందని. ‘ఇదంతా ఆ పాపకు ఎవరు చెప్పినారు?’ అని వెంకటరమణ అడిగినాడు. అప్పుడు నేను గుండెల మీద చెయ్యి వేసుకుని, రెండేండ్ల కిందట ఆమె అన్నం తింటా అడిగితే తూము తొట్టి గురించి నేను చెప్పినదే అన్నాను. తూము కింద నీళ్లు దూకే తొట్టిలో మూలన ఎండు గడ్డిపోచ వేస్తే ముందుకు పోదు, కట్ట వైపు వెనక్కి వస్తుంది, అది సుడి అని చెప్పినాను కదా. నలభై ఏండ్లు ఈ ఊరి చెరువుకు నీరుగంటిగా ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు అని పారించినవాణ్ణి, నాకు తెలియదా. నువ్వు ఆ మూలలోనే తీగ పెట్టి చూసినావు. పోచ వెనక్కే పోయింది. మీ నాయన మాట నిజమని మిషను చెప్పింది.

మీ అమ్మ మాత్రం, ‘చెరువు తెగి మూడేండ్లాయ, నీళ్లు లేని నీరుగంటికి నీళ్లు లేని సుడి దొరికింది’ అని ఎగతాళి చేసింది. చేయనీ.

మైసూరు పాకు తెచ్చి మన స్టీలు డబ్బా నిండా పెట్టి మొట్టమొదట దేవకమ్మ ఇంటికి పోయినాను. పేపరు చదివి వినిపించినాను, సుడి మాట వచ్చినచోట రెండుసార్లు చదివినాను. ఆమె డబ్బా తీసుకుని, ‘ఖాళీగా ఇయ్యకూడదు మామా, కార్తీకంలో శెనక్కాయలు వచ్చినాక నింపి ఇస్తా’ అన్నది. మంచి మనిషి.

నీకు దిష్టి తగలకుండా మీ అమ్మ పేపరుకే దిష్టి తీసింది. 

నిన్ను కన్నందుకు గాల్లో తేలుతున్న
మీ నాయన


తిరుపతి,
ఫిబ్రవరి 17, 2025

నాయనకు,

ఉత్తరం చదివి హాస్టల్ గదిలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పేపరుకు దిష్టి తీసిన సంగతి మా ల్యాబులో హరినాథ్ సార్‌కు కూడా చెప్పాను. మిషనుకు కూడా తీయించమన్నారు.

ఒక మాట సరిచేయాలి. ఎలక్ట్రాన్లు నీళ్లలా పారతాయని నేను కనిపెట్టలేదు, నాకంటే ముందు చాలామంది చూపించారు. నేను చూపించింది, ఎంత చిన్న మూలలోనైనా ఆ సుడి నిలుస్తుందని. దానికి తీగ ఎక్కడ పెట్టాలో మాత్రం నీ తొట్టి చూసే నాకు తోచింది. అందుకే ఈ పని గురించి సైన్సు పత్రికలో వేసిన మా కాగితం చివర కృతజ్ఞతలు చెప్పేచోట, ‘తూము దగ్గర గడ్డిపోచ గురించి చెప్పిన పాలేటికండ్రిగ నీరుగంటి చెంగయ్యకు’ అని రాశాను. సార్ ఒప్పుకోరేమో అనుకున్నాను. ఒక్క అక్షరం కూడా తీయలేదు.

ఇప్పటిదాకా ఒక్క ముక్కతోనే కొలిచాం. అలాంటివి ఇంకో నాలుగు చేసి, అన్నిట్లోనూ సుడి వస్తే నా పిహెచ్‌డి పూర్తయినట్టే. స్కాలర్‌షిప్పు డిసెంబరు దాకా ఉంది. ఈ కాగితం చూసి ఒక కాలేజీవాళ్లు ఉద్యోగానికి కూడా పిలిచారు. అమ్మకు చెప్పు.

నాయనా, మొదటి తీపి దేవకమ్మత్తకు ఎందుకిచ్చావు? తిరుమలయ్య మామ చెరువు నీళ్లలో పోయి ఆమె ఒంటరిదైనప్పటి నుంచి ఆమె ముందు నీళ్ల మాటే ఎత్తకూడదని నువ్వే కదా మమ్మల్ని తిట్టేవాడివి.

రేవతి


పాలేటికండ్రిగ,
మార్చి 4, 2025

అమ్మా రేవతీ,

కాగితం చివర నా పేరా. పాలేటికండ్రిగ పేరు, నీరుగంటి అన్న మాట, అన్నీనా. నేను పీలేరు బస్సెక్కి పోయి నెట్టు సెంటరులో ఆ పేజీ తీయించుకుని, ప్లాస్టిక్ అతికించుకుని వచ్చినాను. అంతా ఇంగ్లీషే. నా పేరు ఎక్కడుందో ఆ నెట్టు సెంటరాయన వేలు పెట్టి చూపిస్తే ఎర్ర పెన్నుతో గీత గీసుకున్నాను. ఇప్పుడది దేవుడి పటాల పక్కన ఉంది. పొద్దున లేస్తానే దానికే దండం పెడతానని మీ అమ్మ అక్కసు.

అసలు సంగతి విను. ఇరవై ఎనిమిదో తేదీ సైన్సు దినమంట. హైస్కూలు హెడ్మాస్టరు గిరిప్రసాద్ సారు మనిషిని పంపి నన్ను పిలిపించినాడు. ఐదో తరగతితో చదువు ఆపేసిన నేను హైస్కూలులోకి కండువా వేసుకుని పోయినాను తల్లీ. కుర్చీ వేసినారు. సిమెంటు తొట్టిలోకి పైపుతో నీళ్లు వదిలించి, మూలన గడ్డిపోచ వేసి చూపించినాను. పిలకాయలంతా తొట్టి చుట్టూ మూగినారు. పోచ ఠక్కున వెనక్కి తిరిగింది. చప్పట్లు కొట్టినారు. ‘కరెంటుకు కూడా తడి ఉంటుందా తాతా’ అని ఒకటి అడిగింది. ఉంటే మీ నాయనమ్మ షాకు కొట్టి ఎప్పుడో పోయుండేది అన్నాను. సారు కూడా నవ్వినాడు.

సైన్సు చెప్పే కృపారాణి టీచరు మాత్రం తొట్టి అడుగుకు వంగి చూసి, ‘అడుగున యాడన్నా కారతా ఉన్నా పోచ అట్లే ఎనక్కి పోతుంది కదా పెద్దాయనా’ అని అడిగింది. చదువుకున్నవాళ్లకు అన్నీ అనుమానాలే. తొట్టి కొత్తదమ్మా, కారదు అని చెప్పినాను.

దేవకమ్మ సంగతి అడిగినావు. ఊర్లో కష్టం పడిన మనిషికి మంచి మాట ముందు చెప్పాలని తోచింది, అంతే. నువ్వు దాన్ని గురించి ఆలోచించి బుర్ర పాడుచేసుకోవద్దు. నీ నాలుగు ముక్కలూ చేసుకో. నాలుగింట్లోనూ పోచ వెనక్కే పోతుంది, రాసిపెట్టుకో.

గంగజాతరకు తిరుపతికి వస్తాను. వేషం కట్టి గంగమ్మకు మొక్కు తీర్చుకుని, అట్లే నీ మిషను దగ్గరకు వచ్చి ఆ సుడిని కళ్లారా చూస్తాను.

ఈ ఏడాది ఎండలే తగలని
మీ నాయన


తిరుపతి,
మే 6, 2025

నాయనకు,

జాతరకు వచ్చి మొక్కు తీర్చుకో, నేను గుడి దగ్గరకే వచ్చి కలుస్తాను. ల్యాబుకు మాత్రం ఇప్పుడు వద్దు. సుడి చూపించిన ఆ ముక్క మార్చిలోనే కాలిపోయింది. చేతి నుంచి చిన్న మెరుపు తగిలినా పోతాయి ఇవి, మాకు మామూలే. కొత్తవి చేస్తున్నాం. చూసేదానికి అక్కడ ఏమీ లేదు.

నేను బాగున్నాను. తింటున్నాను. అమ్మ పంపిన చింతకాయ తొక్కు అయిపోయింది.

ఒక్కటి అడుగుతాను, నీరుగంటిగా చెప్పు. గడ్డిపోచ వెనక్కి పోయినప్పుడు అది సుడే అని నీకు ఎలా తెలిసేది? వేరే ఏదైనా కావచ్చు అనిపిస్తే ఏం చేసేవాడివి?

రేవతి


పాలేటికండ్రిగ,
మే 29, 2025

అమ్మా రేవతీ,

జాతరలో నిన్ను చూసి కడుపు నిండింది. వేషంలో నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు, నువ్వొక్కదానివే పట్టినావు. చిక్కిపోయినావు కానీ మొహంలో కళ ఉంది. అంత పెద్ద పని చేసిన మనిషి చిక్కకుండా ఎట్లా ఉంటుంది. మీ అమ్మ తొక్కుతో పాటు నల్లకారం కూడా కట్టింది.

నీ ప్రశ్నకు గుడి దగ్గర జవాబు చెప్పలేదని అలిగినావు. ఆ తప్పెట్ల మోతలో నాకు వినపడితే కదా.

దాంట్లో పెద్ద విద్య ఏమీ లేదు తల్లీ. తూము మూసి చూస్తాము. సుడి అనేది పారే నీళ్లు కనే బిడ్డ. తూము మూసి, నీళ్లు దూకడం నిలిచిపోతే, వంద లెక్కపెట్టే లోపల సుడి కూడా చచ్చిపోతుంది. పోచ ఉన్నచోట నిలబడుతుంది. తూము మూసినాక కూడా పోచ కదులుతా ఉంటే అది సుడి కాదు, యాడో బొక్క ఉండాదని అర్థం. మా నాయన నాకు చెప్పింది అదే, ఆయనకు ఆయన నాయన.

కానీ ఇది చెరువు సంగతి. నీది నీళ్లు కాదు కదా. దీన్ని పట్టుకుని అక్కడ ఏమీ మూసి చూడవద్దు. సుడి వచ్చింది, పేపరులో వేసినారు, దేశదేశాలవాళ్లు చదివినారు. వచ్చినదాన్ని మళ్లీ మళ్లీ గెలికి చూస్తే ఏం వస్తుంది? హరినాథ్ సారుకు నా నమస్కారం చెప్పు.

నువ్వు ఎట్లున్నా సంతోషపడే
మీ నాయన


తిరుపతి,
ఆగస్టు 11, 2025

నాయనకు,

ఈ ఉత్తరం అమ్మ ముందు చదవకు. నువ్వొక్కడివే చదువు, తర్వాత నువ్వే చెప్పు ఆమెకు.

కొత్తగా ఐదు ముక్కలు చేశాను. ఒక్కదాంట్లోనూ ఆ మూలలో సుడి రాలేదు. మొదట నా చేతి పని బాగాలేదనుకున్నాను. టేపు మార్చాను, తీగలు మార్చాను, రెండు నెలలు కొలిచిందే కొలిచాను. తర్వాత నీ ఉత్తరం మళ్లీ చదివాను. తూము మూసి చూస్తామని రాశావు.

మాకూ ఒక తూము ఉంది నాయనా. చలి. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుని గుంపు కట్టాలంటే కొంచెం వెచ్చదనం ఉండాలి. ముక్కను బాగా చల్లబరిస్తే గుంపు విడిపోయి ఎవరి దారిన వాళ్లు పోతారు, అప్పుడు ఇలాంటి సుడి తగ్గిపోవాలి. కాలిపోయిన ఆ మొదటి ముక్కను కూడా అప్పట్లో చల్లబరిచి కొలిచాను. ఆ అంకెలు తీసి చూశాను. వెచ్చగా ఉన్నా చల్లగా ఉన్నా వెనక్కి పోయే కరెంటు ఒకే మాదిరిగా ఉంది. తూము మూసినా పోచ కదులుతూనే ఉంది.

అప్పుడు ఆ ముక్క పాత ఫోటోలు వెతికి, సూక్ష్మదర్శినిలో తీసిన ప్రతి ఫోటో పెద్దది చేసి చూశాను. మూల పక్కన సన్నటి చీలిక. వెంట్రుక కంటే ఎంతో సన్నం. కరెంటు దారి లేక ఆ చీలిక చుట్టూ తిరిగి వెనక నుంచి నా తీగ దగ్గరకు వచ్చింది. గుంపు లేదు, సుడి లేదు. చినిగిన కాగితం, అంతే.

ఇంకో సంగతి నీకు చెప్పకుండా ఉండలేను. ఆ చల్లటి అంకెలు నేను అప్పుడే చూశాను. పోయిన ఏడాదే చూశాను. తేడా రాకపోవడం నా కంటికి ఆనింది. కొలిచినవి మూడే కదా, మూడు అంకెలతో ఏం తెలుస్తుందిలే అని పక్కన పెట్టేశాను. సార్‌కు చూపించలేదు. చూపించి ఉంటే ఆయన ఆ రోజే ఆపేవాళ్లు.

ఈ కాగితాన్ని వెనక్కి తీసుకుంటే పిహెచ్‌డిలో ముఖ్యమైన భాగం పోతుంది. డిసెంబరుతో స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది, కొత్తది మొదలుపెట్టేంత సమయం లేదు. పిలిచిన కాలేజీవాళ్లు ఆ కాగితం చూసే పిలిచారు. సార్‌కు నిన్న చెప్పాను. ఆ మూడు అంకెలూ, ఫోటో అడిగి తీసుకుని చూశారు. తర్వాత, ‘నా పేరు కూడా ఉంది రేవతీ, కానీ తప్పు మొదట చూసింది నువ్వు, వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు ఉత్తరం రాసేది కూడా నువ్వే కావాలి’ అన్నారు.

గుడి దగ్గర నా మొహంలో కళ ఉందన్నావు. అప్పటికే మూడు ముక్కల్లో సుడి రాలేదు.

రేవతి


పాలేటికండ్రిగ,
ఆగస్టు 16, 2025

రేవతీ,

వద్దు తల్లీ. ఆ ఉత్తరం రాయొద్దు.

నువ్వు ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరి కొంపా ముంచలేదు. పెన్సిల్ ముల్లులో సుడి ఉంటే ఎవరికి, లేకుంటే ఎవరికి? ముక్క కాలిపోయిందన్నావు కదా. కాలిపోయినదాన్ని ఇంక ఎవరూ వచ్చి చూడరు. చీలిక ఫోటోలో కనపడేది నీకొక్కదానికే. నువ్వు నోరు మూసుకుంటే నీ చదువు నీకుంటుంది, ఉద్యోగం నీకుంటుంది. నాలుగేండ్లు పోతే నువ్వే మరిచిపోతావు. మనిషి మరిచిపోతాడు, నేను చెప్తున్నాను కదా.

ఆరేండ్లు ఆ గదిలో అన్నం నీళ్లు లేకుండా కూర్చున్నావు. ఒక్క వెంట్రుక చీలికకు అదంతా పారబోస్తావా?

మీ అమ్మకు నేను చెప్పలేదు. టీ అంగట్లో ఈ పొద్దు కూడా నీ సంగతే చెప్పి వచ్చినాను. దేవకమ్మ దోవలో కనపడి, ‘ఆ పాప సుడి ఎంతవరకు వచ్చింది మామా’ అని అడిగింది. బ్రహ్మాండంగా ఉంది అన్నాను. నా కోసమన్నా రాయొద్దు. నా కోసమే అనుకో.

మీ నాయన


తిరుపతి,
సెప్టెంబరు 20, 2025

నాయనకు,

నీ ఉత్తరం అందేసరికే పంపించేశాను. అందకముందే పంపాలని తొందరపడ్డానేమో కూడా. నువ్వు వద్దంటే ఆగిపోతానని భయం వేసింది.

నిన్న పత్రికవాళ్ల దగ్గర నుంచి జవాబు వచ్చింది, ఒప్పుకున్నారు. వెనక్కి తీసుకున్న కాగితాన్ని చెరిపేయరు నాయనా. ఉన్నచోటే ఉంచి, ప్రతి పేజీ మీద అడ్డంగా ఇంత ఎర్రటి అక్షరాలతో ‘ఉపసంహరించబడింది’ అని వేస్తారు. మొదట ఒక పేజీలో తప్పు ఏమిటో, ఎవరు గుర్తించారో రాస్తారు. ఎవరు ఎప్పుడు తీసినా రెండూ కనిపిస్తాయి, మేం చెప్పినదీ, అది తప్పని మేమే చెప్పినదీ. నీ పేరు కూడా అక్కడే ఉంటుంది, ఆ ఎర్ర అక్షరాల కింద. దాన్ని తీయించడం కుదరదన్నారు. నన్ను క్షమించు.

కాలేజీవాళ్లు మర్యాదగానే వద్దన్నారు. డిసెంబరు తర్వాత శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పని చూసుకున్నాను, ఫోన్లలో పెట్టే బోర్డులు బాగున్నాయో లేదో పరీక్షించే పని. డిగ్రీ లేకపోయినా ఇస్తారు. సార్ ఇంకో ఏడాది ప్రయత్నిద్దాం అన్నారు, ఎక్కడి నుంచి తెస్తారో ఆయనకూ తెలియదు. నాకు ఆశ లేదు. ఉన్నట్టు నీకు రాయలేను.

నువ్వు ‘నా కోసమే అనుకో’ అన్నావు. ఊర్లో పరువు కోసం అలా రాసే మనిషివి కాదు నువ్వు. టీ అంగట్లో ఎవరు నవ్వినా వాళ్లకంటే ముందు నువ్వే నవ్వుతావు. ‘మనిషి మరిచిపోతాడు, నేను చెప్తున్నాను కదా’ అని కూడా రాశావు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఏం మరిచిపోయావు నాయనా?

రేవతి


పాలేటికండ్రిగ,
నవంబరు 23, 2025

అమ్మా రేవతీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించినాను. ఇది ఐదోది. మీ అమ్మకు నిన్న మొత్తం చెప్పినాను, నీ సంగతీ, నాదీ. ఆమె పొయ్యి కూడా వెలిగించలేదు.

నాలుగేండ్ల కిందట ఇదే నెలలో ఆగకుండా ఐదు రోజులు వాన పడింది, నీకు తెలుసు. చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు పొర్లే మరవ మీద మోకాలి లోతు పోతా ఉంది. కాలవలు తట్టుకోలేవని పొద్దున తొమ్మిదికి తూము మూసేసినాను. పదికి నేను, తిరుమలయ్య తూము తొట్టి దగ్గర నిలబడి ఉన్నాము. అతని మోటారు కట్ట కిందనే, బాయి దగ్గర. తీసుకుందామని వచ్చినాడు. ఊరికే నిలబడినవాడు ఒక గడ్డిపోచ తుంచి తొట్టిలో వేసినాడు. అది మూల నుంచి కట్ట వైపు మెల్లగా పోయింది.

‘మామా, తూము మూసినావు కదా, పోచ ఎనక్కి పోతాండాదే’ అన్నాడు. ‘కట్ట కింద ఏమన్నా ఉండాదా సూడు.’

నేను చూసినాను. రేవతీ, నేను చూసినాను. మా నాయన చెప్పిన మాట ఆ క్షణానే గుర్తొచ్చింది. తూము మూసి గంటయింది. ఆ తొట్టిలో నీళ్లు అద్దం మాదిరి నిలిచి ఉండాలి. ప్రతి ఎండాకాలం తూముకు అటూ ఇటూ ఎండ్రకాయల బొక్కలు వెదికి బంకమన్ను కొట్టి పూడ్చడం నీరుగంటి పని. ఆ ఏడు కుడి పక్క పూడ్చి, ఎడమ పక్క రేపు చూద్దాం, రేపు చూద్దాం అని వదిలేసినాను. బొక్క ఉందంటే నేను పూడ్చలేదన్న మాట వస్తుంది. నలభై ఏండ్ల మనిషిని ఊరు నిలదీస్తుంది. అందుకని నవ్వినాను.

‘సుడిలేరా. నాకు నేర్పిస్తావా నువ్వు? పో, మోటారు ఇప్పుకోని రా’ అన్నాను.

అతను పోయినాడు. పన్నెండు కాకముందే తూము ఎడమ పక్కన కట్ట తెగింది. రెండో రోజు సరుగుడు తోపులో దొరికినాడు. ఆఫీసరు వచ్చి అడిగితే, వాన ఎక్కువై కట్ట తెగింది, ముందుగా ఏ గుర్తూ కనపడలేదు అని చెప్పినాను. రాసుకున్నాడు. కింద సంతకం నాది.

ఏడాది దాటినాక నువ్వు అన్నం తింటా, నీళ్లు మూలలో ఎట్లా తిరుగుతాయి నాయనా అని అడిగినావు. నా నోటికి అదే అబద్ధం వచ్చింది, పోచ వెనక్కి వస్తే సుడి అని. తూము మూసి చూడాలన్న మాట నీకు చెప్పలేదు. తర్వాత నీ మిషనులో సుడి వచ్చిందని పేపరులో చూసినప్పుడు నేను ఏమైపోయినానో నీకు ఎట్లా చెప్పేది. పెన్సిల్ ముల్లులో కూడా ఉన్నదంటే, ఏమో, ఆ పొద్దు కూడా సుడేనేమో. తూము సరిగ్గా మూతపడలేదేమో. కట్ట వేరే దేనికో తెగిందేమో. నేను చంపలేదేమో. అందుకే తీపి డబ్బా పట్టుకుని మొదట ఆ ఇంటికి పరుగెత్తినాను. నేను సంతోషపడింది నీ కోసమని అనుకున్నావు. సగం నీ కోసమే తల్లీ. అబద్ధం కాదు, సగం నీ కోసమే.

నువ్వు మూడు అంకెలు చూసి పక్కన పెట్టినానని ఏడ్చినావు. నువ్వు పక్కన పెట్టినదాంట్లో మనిషి లేడు.

ఈ నెల మొదట్లో మండలాఫీసుకు పోయినాను. నీ కాగితానికి చేసినట్టు, నేను చెప్పినదాని మీద ఎర్రగా తప్పు అని రాయించుకుందామని. అక్కడున్న క్లర్కు మునిప్రసాద్ మంచి పిల్లోడే, కుర్చీ వేసినాడు, అంతా విన్నాడు. ‘ఆ ఫైలు ఎప్పుడో మూసేసినారు పెద్దాయనా. మూసేసినదాంట్లో రాసేదానికి మాకు దారి లేదు. ఇంటికి పో’ అన్నాడు. రెండోసారి పోయినాను. అదే మాట. మూడోసారి నన్ను చూసి లేచి లోపలికి పోయినాడు. నీ తప్పును వెనక్కి తీసుకునేదానికి ఒక చోటు ఉంది. నాది తీసుకునేవాళ్లు లేరు.

ఇంక మిగిలింది ఒక్క ఇల్లే. మొన్న పోయినాను. దేవకమ్మ వాకిట్లో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తా ఉంది. నన్ను చూసి, ‘డబ్బా కోసం వచ్చినావా మామా, రేపు నింపి పంపిస్తా’ అన్నది. నేను నిలబడే ఉండి మొత్తం చెప్పినాను, తూము మూసిందీ, పోచా, నా నవ్వూ. ఆమె చేతులు ఒలవడం ఆపలేదు. నాకు చెవుడు కదా, ఆమె ఏమన్నా అంటే వినపడదేమోనని దగ్గరకు జరిగినాను.

ఇంకో గుప్పెడు కాయలు చాటలోకి లాక్కుని, ‘ఆయన అడిగినాడా?’ అన్నది.

అడిగినాడు అన్నాను.

‘కట్ట కింద సూడమని అడిగినాడా?’

అడిగినాడమ్మా అన్నాను.

తిరుమలయ్య మోటారు మీద ఆశకు వరదలోకి పోయినాడని ఊరంతా అన్నది నీకు తెలుసు. నేను కూడా అందరితో పాటు తల ఊపినాను. ఆమె చేతిలో కాయ అట్లే పట్టుకుని, ‘బుద్ధిలేక పోయి సచ్చినాడని నాలుగేండ్లుగా ఆ మనిషిని తిడతానే ఉండాను మామా’ అన్నది. గొంతు పెంచలేదు. నాకు ప్రతి అక్షరం వినపడింది. తర్వాత చాట ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

గోడ మీద నుంచి నీ కాగితం తీయలేదు. నా పేరు దగ్గర ఎర్ర గీత ఉంది కదా, దాని పైనే అడ్డంగా నీవాళ్లు రాసిన మాట నేనూ రాసుకున్నాను. అక్షరాలు వంకరగానే వచ్చినాయి.

శ్రీ సిటీ పనికి పోయే ముందు ఒకసారి ఇంటికి రా. రాకపోయినా ఏమీ అనుకోను.

ఈ పొద్దు తలుపు తీస్తే మన స్టీలు డబ్బా గడప మీద ఉంది. తోమి, కడిగి, తడి లేకుండా తుడిచి పెట్టి ఉంది. మూత తీసి చూసినాను. ఖాళీ.

చెంగయ్య